కరగునది, కరగనిది

“నచ్చకపోతే కరిగించేస్తారట కదమ్మా, ఇంక భయం దేనికి?”

ఈ మాటను నేను 2024వ సంవత్సరమున హైదరాబాదు నగరమందలి యొక చర్మవైద్యశాలలో వింటిని. మా ప్రక్క కుర్చీలలో ఒక తల్లియు, ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల కుమార్తెయు కూర్చుండియుండిరి. మాసము తిరుగకుండ ఆ పిల్లకు నిశ్చితార్థమట. పెదవులు కొంచెము నిండుగా నున్నచో ఛాయాచిత్రములలో ముఖము కళగా నుండునని యెవరో చెప్పిరట. పిల్ల భయపడుచున్నది. తల్లియు భయపడుచున్నదని ఆమె చేతిసంచిని పట్టుకొన్న తీరే చెప్పుచున్నది. ఐనను “కరిగించేస్తారట” అను నొక్క మాట ఆమెకు ధైర్యమొసగినది. నాతో వచ్చిన మా అక్కగారి అమ్మాయి ఆ మాట విని తల వంచుకొనెను. మేమిరువురమును ఆ దినమున అచ్చటికి పోయినది కరగించుకొనుటకే.

సూదితో చర్మము క్రిందికి ఎక్కించి, గుంటలను పూడ్చుటకును, పెదవులను చెక్కిళ్ళను నింపుటకును వాడెడు పదార్థములను ఫిల్లర్లు అందురు. పూరకములని మనము చెప్పుకొనవచ్చును. ఒకప్పుడు చలనచిత్రముల వారికి మాత్రమే తెలిసిన యీ చికిత్స నేడు మధ్యతరగతి గృహములలోనికి వచ్చినది. పట్టుచీరలు, నగలు, విందుభోజనములు వ్రాసికొను పెండ్లిపద్దులో కొన్నియిండ్ల చర్మవైద్యుని లెక్కయు చేరుచున్నది. ఈ విషయమున భయపెట్టువారు పెక్కురు, ఆశపెట్టువారు పెక్కురు. ఉన్నదున్నట్లు తెలిసికొని యింటిలో మాటలాడుకొనువారు మాత్రము కొలదిమంది. నేను ముప్పదియేండ్లు బాలికల పాఠశాలలో ప్రకృతిశాస్త్రము బోధించినదానను. ఐనను మా యింటిపిల్ల ముఖములో నేమి యున్నదో మూడేండ్లవరకు అడిగి తెలిసికొనలేదు. ఆ లోపమును కొంతయైనను దిద్దుకొనుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మాయికి 2021లో సంబంధములు చూచుచుండిరి. చదువుకొన్నది, హైదరాబాదులో మంచి యుద్యోగము చేయుచున్నది, మాటతీరు కలది. ఆమె కన్నుల క్రింద కొంచెము పల్లము కలదు. ఆ పల్లము మా పుట్టింటివారి సొత్తు. మా అమ్మకుండెను, అక్కకున్నది, నాకును ఉన్నది. ఎంత నిద్రించినను నిద్రలేనట్లు కనిపించుట దాని లక్షణము. ఆ సంవత్సరమున అమ్మాయి యెవరితోడను చెప్పక ఒక చికిత్సాలయమునకు పోయి రెండు కన్నుల క్రిందను పూరకము నింపించుకొనెను. “ఏడాదిలో దానంతట అదే కరిగిపోతుంది. నచ్చకపోతే మధ్యలోనే కరిగించవచ్చు” అని వారు చెప్పిరట. తరువాత తల్లికి చెప్పగా, మా అక్కయు ఆ రెండవ మాటనే పట్టుకొని ఊరడిల్లినది.

మొదట అంతయు బాగుగనే యుండెను. 2022లో వివాహమైనది. ఏడాది గడచినది, రెండేండ్లు గడచినవి. కరగిపోవునన్నది కరగలేదు సరికదా, ఉదయమున లేచునప్పటికి కన్నుల క్రింద ఉబ్బు కనిపింపసాగెను. వెలుతురు ప్రక్కనుండి పడినప్పుడు ఆ ఉబ్బు నీలిచాయగా తోచెడిది. ఆఫీసులో తోడివారు, “నిద్ర చాలడం లేదా?” అని అడుగసాగిరి. ఏ ప్రశ్నను తప్పించుకొనుటకు సూది పొడిపించుకొనెనో, ఆ ప్రశ్నయే మరల వచ్చి గుమ్మములో నిలిచినది. అప్పుడు అమ్మాయి నాకు టెలిఫోను చేసి, “పిన్నీ, అమ్మకి చెప్తే కంగారు పడుతుంది. నువ్వు తోడు వస్తావా?” అని అడిగెను. మఱునాడే విజయవాడనుండి బయలుదేరితిని.

ఆ పదార్థమేమో, అదెట్లు కరగునో, ఎందుకు కరగలేదో ఇచ్చట కొంత వివరింపవలసియున్నది.

1934వ సంవత్సరమున న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున కార్ల్ మేయర్, జాన్ పామర్ అను నిరువురు శాస్త్రజ్ఞులు పశువుల కన్నులలోని గాజువంటి జిగురునుండి యొక పదార్థమును వేఱుచేసిరి. గ్రీకుభాషలో గాజును హైలోస్ అందురు. ఆ మాటను, అందున్న యురోనిక్ ఆమ్లము పేరును కలిపి దానికి హైలురోనిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. ఆమ్లమను మాట విని పాఠకురాండ్రు బెదరవలదు. ఇది కాల్చునది కాదు. రెండు విధములైన చక్కెరలను ఒకదాని తరువాత నొకటిగా వేలకొలది గ్రుచ్చిన దండవంటిది. తన బరువునకు ఎన్నో రెట్లు నీటిని పట్టి యుంచును. చర్మమునకు నిగారింపు, కీళ్ళకు జాఱుడుతనము, కంటికి నిండుదనము కలిగించువానిలో నిది ముఖ్యమైనది. డెబ్బది కిలోల బరువుగల మనుష్యుని దేహమున నిది సుమారు 15 గ్రాములుండును. అందు దాదాపు సగము చర్మములోనే యున్నది. మొత్తములో మూడవవంతు, అనగా సుమారు 5 గ్రాములు, ప్రతిదినమును శిథిలమై పోవుచుండును. పోయినంత క్రొత్తది పుట్టుచుండును. మన వాకిటి ముగ్గు నిన్నటిది చెరగి నేటిది వెలయుచుండునట్లే ఇదియు నిత్యనూతనముగా నుండును.

ఇట్టి పదార్థమును ఉన్నదున్నట్లు చర్మము క్రింద నింపినచో కొలది దినములకంటె నిలువదు. అందుచేత తయారుచేయువారు ఆ దండలను ఒకదానితో నొకటి ముడివైతురు. అట్లు ముడివేయుటకు బీడీడీఈ అను పొట్టిపేరుగల రసాయనమును తఱచుగా వాడుదురు. విడిపోగులు వలగా అల్లినట్లు, ద్రవము చిక్కని జిగురుముద్దగా మాఱును. పూర్వము ఈ యామ్లమును కోడిపుంజుల నెత్తిమీది యెఱ్ఱని తురాయిలనుండి తీసెడివారు. నేడు ఎక్కువగా సూక్ష్మజీవులను పులియబెట్టి వానిచేత చేయించుచున్నారు. ఐరోపాలో 1996 ప్రాంతమునుండి వాడుకకు వచ్చిన రెస్టిలేన్ అను పూరకమునకు అమెరికాలో 2003 డిసెంబరులో అనుమతి లభించినది. అప్పటినుండి ఈ జాతి పూరకములే లోకమంతట ప్రబలినవి.

ముద్ద ఎట్లు శిథిలమగును? మన దేహములోనే హైలురోనిడేజు అను కత్తెరవంటి ఎంజైము కలదు. అది దండలను నడుమ నడుమ కత్తిరించును. ప్రాణవాయువునుండి పుట్టు కొన్ని చురుకైన కణములును దండలను తెంపుచుండును. తెగిన ముక్కలను జీవకణములు మ్రింగి ఇంకను చిన్నవిగా చేయును. కొన్ని ముక్కలు లింఫు ప్రవాహమున పడి కాలేయమునకు పోయి, తుదకు బొగ్గుపులుసు వాయువుగను, నీరుగను మాఱును. ముడులు ఎక్కువైనకొలది కత్తెరకు పని ఎక్కువ. కాబట్టి తయారీని బట్టియు, ముఖములో చోటును బట్టియు ఆఱు మాసములనుండి ఏడాదిన్నరవరకు నిలుచునని సాధారణముగా చెప్పుదురు.

కాని ఇందొక చిత్రము కలదు. పోగులు కొన్ని తెగినకొలది మిగిలిన ముద్దకు నీటిని పీల్చుకొను శక్తి హెచ్చును. పదార్థము తగ్గినను పరిమాణము తగ్గినట్లు కనబడదు. ఇడ్లీరవ్వ నీటిలో ఉబ్బినట్లు అది ఉబ్బియుండును. పెదవులు నిరంతరము కదలుచుండును గనుక అచ్చటిది త్వరగా పోవును. కంటి క్రింద కదలిక తక్కువ. అచ్చట పెట్టినది కొందఱిలో పెక్కేండ్లు నిలిచియుండుట ఎం.ఆర్.ఐ. చిత్రములలో కనబడినది. చర్మము పలుచనైనచోట స్వచ్ఛమైన జిగురుముద్ద యున్నప్పుడు వెలుతురులోని నీలివన్నె ఎక్కువగా చెదరి పైకి వచ్చును. మా అమ్మాయి కన్నుల క్రింద కనిపించిన నీలిచాయ అదియే. దానికి నిద్రలేమితో నేమియు సంబంధము లేదు.

వైద్యురాలు మా అమ్మాయిని పరీక్షించి, వ్రేలితో మెల్లగా నొక్కిచూచి, మొట్టమొదట అడిగిన ప్రశ్న యిది: “అప్పుడు ఏ పదార్థం ఎక్కించారు?”

అమ్మాయి తన సంచిలోనుండి మడతపడిన యొక చీటిని తీసి యిచ్చినది. అందు “ఫిల్లరు, ఒక మిల్లీలీటరు” అని మాత్రమే వ్రాసియున్నది. ఏ జాతిదో, ఎవరు చేసినదో, ఏ సంఖ్యగల పెట్టెలోనిదో, ఒక్క యక్షరము లేదు. ఆ మొదటి చికిత్సాలయమునకు ఫోను చేయగా, ఆ సంఖ్య పనిచేయుటలేదు. స్వయముగా పోయి చూచినచో ఆ చోట మఱియొక దుకాణము బోర్డు వ్రేలాడుచున్నది. పచారిసామాను తెచ్చుకొన్నను చీటిలో పప్పు వేఱు, బెల్లము వేఱు వ్రాయించుకొను ఇల్లాండ్రము మనము. ముఖములో పెట్టించుకొన్న వస్తువు పేరు వ్రాయించుకొనవలెనని మా యింటిలో నెవరికిని తోచలేదు.

పేరు ఎందుకు కావలెనని మీరడుగవచ్చును. కరగించుట యనునది హైలురోనిక్ ఆమ్లపు పూరకములకు మాత్రమే చెల్లును. పూరకములన్నియు ఆ జాతివి కావు. ఎముకలోను, పంటిలోను ఉండు సున్నపుఖనిజమును సూక్ష్మమైన గోళములుగా చేసి జిగురులో కలిపినది యొకటి కలదు. దానిని దేహము తన తీరికనుబట్టి ఏడాదికో, అంతకు మించియో హరించుకొనవలసినదేగాని, హైలురోనిడేజు దానిని కరగింపజాలదు. లాక్టిక్ ఆమ్లమునుండి చేయబడినది మఱియొకటి. అది తాను నింపుటకంటె ఎక్కువగా చర్మముచేత క్రొత్త తంతువులను పుట్టించును. దానికిని విఱుగుడు లేదు. మూడవది మనవారు కట్టుడుపండ్లకు వాడెడు అక్రిలిక్ జాతి పదార్థపు గోళములు. అవి జీవితాంతము నిలుచును. గడ్డకట్టినచో కత్తితో కోసి తీయుట దప్ప వేఱుదారి తఱచుగా నుండదు. “ఫిల్లర్లను కరిగించవచ్చు” అని టోకుగా చెప్పువారు, ఒకదానికి చెల్లు మాటను అన్నింటికిని అంటగట్టుచున్నారు.

కరగని పూరకముల కథ క్రొత్తది కాదు. 1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సునీ అను శస్త్రవైద్యుడు మైనపునూనెను సూదితో నెక్కించు పద్ధతి ప్రారంభించెను. కొలదికాలముననే అది ముఖములకు ప్రాకినది. ముక్కు దూలము చదునుచేయుటకును, ముడుతలు పూడ్చుటకును ఎందఱో దానిని వేయించుకొనిరి. తరువాత బ్రిటనులో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ అను ప్రసిద్ధసుందరి, తన ముక్కు గ్రీకుశిల్పములవలె తీరుగా నుండవలెనని ఇరువది రెండేండ్ల ప్రాయమున మైనము ఎక్కించుకొన్నది. ఆ మైనము కాలక్రమమున జాఱి ఆమె ముఖమును పాడుచేసెను. ఆమె 1977వఱకు జీవించినది. అర్ధశతాబ్దమునకు పైగా ఆ వికారమును మోసినది. మైనము చోటు మాఱును, గడ్డలు కట్టును, పుండ్లు పడును. దానిని కరగించునది లేదు. ఆ తరువాత వచ్చిన ద్రవసిలికోనును అట్టి కష్టములనే తెచ్చినది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన పశుకొల్లాజెను తనంతట తాను కొలది మాసములలో పోయెడిది గాని, కొందఱికి సరిపడదని ముందుగా చేతిమీద పరీక్ష చేయవలసివచ్చెడిది. కష్టము వచ్చినప్పుడు పిలువదగిన విఱుగుడు కలుగుటయే హైలురోనిక్ ఆమ్లపు పూరకముల గొప్పతనము. ఆ గొప్పతనమును నేను కాదనను.

ఆ విఱుగుడు కథయు వినదగినది. 1928లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో దురాన్ రేనాల్స్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ళపై ప్రయోగములు చేయుచు, జంతువుల వృషణములనుండి తీసిన రసమును కలిపినచో చర్మములో సూక్ష్మజీవులు చాలదూరము వ్యాపించుట కనిపెట్టెను. దానికి వ్యాప్తికారకమని పేరు వచ్చినది. పదునొకండు పండ్రెండేండ్లకు ఆక్స్‌ఫర్డులో ఎర్నెస్ట్ చెయిన్, డూథీ అనువారు ఆ కారకము హైలురోనిక్ ఆమ్లమును తెంచు ఎంజైమేయని తేల్చిరి. ఆ చెయినే తరువాత పెన్సిలిను కృషికై 1945లో నోబెల్ బహుమానమును పంచుకొన్నవాడు. ఈ ఎంజైము పాముల విషములోను, తేనెటీగ విషములోను కలదు. కఱచినచోటినుండి విషము త్వరగా ప్రాకుటకు అది దారి చేయును. కంటి శస్త్రచికిత్సలలో మత్తుమందు బాగుగా వ్యాపించుటకు వైద్యులు దీనిని చాలకాలమునుండి వాడుచున్నారు. పాముకోఱలో దారి తీయునదియే వైద్యుని చేతిలో ముడి విప్పునదియైనది.

మా కథలో అదృష్టము ఫోనులో దాగియుండెను. అమ్మాయి మూడేండ్ల వెనుకటి చిత్రములను ఒక్కొక్కటిగా వెదకి, చికిత్స జరిగిన దినమున స్నేహితురాలికి చూపుటకు తీసిన యొక చిత్రమును కనుగొన్నది. అందు బల్లమీద తెల్లని చిన్నపెట్టె యొకటి కలదు. చిత్రమును పెద్దదిచేసి చూడగా దాని పేరు చదువవచ్చినది. అది హైలురోనిక్ ఆమ్లపు జాతిదే. వైద్యురాలు సూక్ష్మధ్వని యంత్రముతోను ఆ చోటును పరీక్షించి, ముద్ద యెక్కడెక్కడ నున్నదో చూచుకొన్నది. వేడుకకు తీసికొన్న యొక చిత్రము మాకు దస్తావేజైనది.

తరువాత ఆమె, “తేనెటీగలు కుట్టినప్పుడు ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు రావడం ఎప్పుడైనా జరిగిందా?” అని అడిగినది. చిన్ననాట మా తోటలో కుట్టిన జ్ఞాపకము నాకున్నది. వాపు తప్ప మఱేమియు రాలేదని చెప్పితిని. తేనెటీగ విషము పడనివారికి ఈ ఎంజైమును పడకపోవచ్చునని ఆమె వివరించి, ముంజేతిమీద ఒక్క బొట్టు వేసి కొంతసేపు చూచినది. ఎఱుపు రాలేదు. అప్పుడు కన్నుల క్రింద సన్నని సూదితో కొద్దికొద్దిగా ఎక్కించి, వ్రేలితో మెల్లగా మర్దించినది. కొన్ని నిమిషములలోనే గట్టితనము మెత్తబడుట వ్రేలికి తెలియునట. పూర్తి ఫలము ఒకటి రెండు దినములలో కనబడును. మిగిలినచో మరల చేయవలెను. ఆ ఎంజైము మన స్వంత ఆమ్లమునుగూడ కొంత తినివేయును. కాని దేహము దానిని కొలది దినములలో తిరిగి చేసికొనును. ముగ్గు మాట నేను పైని చెప్పినది ఇందుకే.

అదే సమయమున ఆమె చెప్పిన మఱియొక సంగతి వ్రాయకుండ ముగింపరాదు. కరగించుట యెల్లప్పుడు మా అమ్మాయి విషయమున వలె తీరికగా చేయునది కాదు. పూరకము పొరపాటున రక్తనాళములో పడినను, నాళమును నొక్కినను, ఆ చర్మమునకు రక్తము అందదు. చర్మము తెల్లబాఱును, పిమ్మట వలవలె మచ్చలుపడును, నొప్పి హెచ్చును. అప్పుడు హైలురోనిడేజును పెద్దమోతాదులో, గంటగంటకును, రక్తము తిరిగి పాఱువఱకు ఎక్కింపవలెను. ముక్కు, కనుబొమల నడిమిచోటు మిక్కిలి ప్రమాదకరములు. అచ్చటి నాళములకు కంటినాళములతో సంబంధము కలదు. ముద్ద వెనుకకు పోయి కంటిపొరకు రక్తము నిలిపినచో చూపు పోవును. ఆ పొర రక్తము లేక గంటన్నరకు మించి బ్రతుకుట యరుదు. విఱుగుడు వేసినను చూపు తిరిగి వచ్చునను నమ్మకము లేదు. ఇట్టివి అరుదు. అరుదైనను, “కరిగించవచ్చు” అను మాటకు గడియారము కూడ కలదని తెలియవలెను. విఱుగుడు ఆ గదిలో సిద్ధముగా నుండవలెను. దానిని ప్రయోగింప నేర్చిన వైద్యుడు ఆ గదిలో నుండవలెను. సౌందర్యశాలలోను, హోటలుగదిలోను సూది పట్టువారియొద్ద ఈ రెండును ఉండునా?

చికిత్స ముగిసి వెలుపలికి వచ్చునప్పటికి ఆ తల్లియు కుమార్తెయు ఇంకను కూర్చుండియే యుండిరి. తల్లి నన్ను చూచి, “మీ అమ్మాయికి కరిగిందాండీ?” అని అడిగినది. “కరుగుతుందన్నారమ్మా. కాని ఏం పెట్టారో తెలుసుకోవడానికి మాకు పది రోజులు పట్టింది. మీరు లోపలికి వెళ్ళగానే పదార్థం పేరు అడగండి. పెట్టెమీద చీటీ అడిగి దాచుకోండి. విరుగుడు ఇక్కడ ఉందా అని అడగండి” అని చెప్పితిని. ఆమె తన ఫోనులో ఆ మూడు ప్రశ్నలు వ్రాసికొన్నది. పిల్ల మాత్రము నన్ను గాక మా అమ్మాయిని చూచి, “ఎందుకు పెట్టించుకున్నారు అక్కా?” అని అడిగినది. మా అమ్మాయి చిఱునవ్వు నవ్వి ఊరకున్నది.

ఆ ప్రశ్నకు సమాధానము నాకు రెండు వారముల తరువాత లభించినది. మరల చూపించుకొనుటకు పోయి వచ్చిన సాయంకాలము, ఆమె యింటి వరండాలో కూర్చుండి యుంటిమి. ఉబ్బు పోయినది, నీలిచాయ పోయినది. పల్లము తిరిగి వచ్చినది. అమ్మాయి ఫోనులోని అద్దమున చూచుకొని, “అచ్చం అమ్మమ్మ కళ్ళు, పిన్నీ” అన్నది. ఆ మాటకు నాకు సంతోషమైనది. నేను ఊరకుండలేక, “మరి ఆనాడు ఎవరితోనూ చెప్పకుండా ఎందుకు వెళ్ళావే?” అని అడిగితిని.

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “నీకు గుర్తులేదా? పెళ్ళివాళ్ళు వచ్చే రోజు పొద్దున్న నాకు జడ వేస్తూ నువ్వే అన్నావు. ఈ గుంటలొక్కటి లేకపోతే మా పిల్లకి సాటి ఎవరు, అని” అని చెప్పినది.

నాకు జ్ఞాపకము లేదు. ఎంత యాలోచించినను రాలేదు. ప్రేమతోనే అనియుందును. మెచ్చుకొనుచుంటినని తలచియుందును. మెప్పులో చుట్టిపెట్టిన ఆ యొక్క ముల్లు ఆమెకు మూడేండ్లు గ్రుచ్చుకొని యున్నది. దుకాణదారులు ఎందఱు ప్రకటనలు వేసినను ఆమె పోకుండునేమో. జడ వేయుచున్న పిన్ని అన్నమాట గనుక పోయినది. ఆ పల్లము నా కన్నుల క్రిందను కలదు. మా అమ్మ ముఖమున దానిని నేనెన్నడును లోపముగా చూచి యెఱుగను. పెండ్లిచూపుల దినమున మాత్రము పరుల కన్నులతో మా పిల్లను చూచితిని.

మనము బాల్యవివాహములు తగదంటిమి, కట్నము తగదంటిమి, పిల్లలను చదివించితిమి. కాని ఆడపిల్లను కూర్చుండబెట్టి నఖశిఖపర్యంతము పరీక్షించు చూపు మన యిండ్లనుండి వెడలిపోలేదు. వచ్చినవారు చూచుటకు ముందే మనమే చూచి, వారు అనుటకు ముందే మనమే అనుచున్నాము. దానికి జాగ్రత్తయని పేరు పెట్టుకొనుచున్నాము. పూరకములు వేయించుకొనువారిని నేను దూషింపను. వ్యాధివలన చెక్కిళ్ళు కృశించినవారికి, గాయమువలన ముఖము చెడినవారికి ఇవి ఎంతయో మేలు చేయుచున్నవి. తన ముఖముపై తనకు గల యిష్టముచేత, తెలిసి, అడిగి, యోచించి వేయించుకొను వయస్సువచ్చిన స్త్రీని వలదనుటకు నేనెవతెను? ఇంటివారి మాట పడలేక రహస్యముగా పోయి, పేరులేని చీటితో తిరిగి వచ్చు పిల్లనుగూర్చియే నా విచారము.

సోదరీమణులారా, మీ యింటిలో నెవరైనను ఈ చికిత్స కోరినచో కోపపడి నోరు మూయింపకుడు. మూయించినచో రహస్యముగా పోవుదురు. తోడు పొండు. ఆ మూడు ప్రశ్నలను మీరే అడుగుడు. “ఏడాదిలో పోవును” అను మాటను ప్రమాణముగా తీసికొనకుడు. అన్నిటికంటె ముందు, ఈ కోరిక ఎచ్చటినుండి వచ్చినదో నెమ్మదిగా అడుగుడు. సమాధానములో మన పేరే వినవచ్చునేమో, వినుటకు సిద్ధపడుడు.

ఆ సాయంకాలము నేను అమ్మాయితో, “తప్పయిపోయిందమ్మా” అని చెప్పితిని. ఆమె, “పోనీలే పిన్నీ” అని నా చేయి పట్టుకొన్నది. ఆమె కన్నుల క్రింద నింపినది రెండు దినములలో కరగినది. నేనన్న మాట ఎన్నాళ్ళకు కరగునో చెప్పగల వైద్యులు లేరు. అందుచేత ఇప్పుడు ఆమె వచ్చినప్పుడెల్ల జడ వేయుచు, మా అమ్మనుగూర్చిన కథలు చెప్పుచున్నాను.